పరీక్షలన్నీ మీకే చేశారు, ఆయనకు ఒక్కటీ చేయలేదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది. ప్రొద్దుటూరులో ఉంటాం. నెలసరి 40, 45 రోజులకు ఒకసారి వస్తుంది. ఒక్కోసారి రెండు నెలలు దాటినా రాదు. అప్పుడు మందుల షాపు నుంచి మాత్రలు తెప్పించుకుని వేసుకుంటే వస్తుంది. స్కానింగ్‌లో అండాశయాల్లో నీటిబుడగలు ఉన్నాయన్నారు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 6.2, ప్రొలాక్టిన్ 38, ఏఎంహెచ్ 9 వచ్చాయి. బరువు 74 కిలోలు. కడుపులో మంటకు రోజూ పొద్దున గ్యాస్ మాత్ర వేసుకుంటాను. ఒక సంతాన కేంద్రానికి వెళితే నేరుగా ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) చేయించుకోమన్నారు. మావారికి 31 ఏళ్లు, సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆయనకు ఏ పరీక్షా చేయించలేదు. మగపిల్లాడికి పరీక్షలెందుకని మా అత్తగారు అంటారు. మొన్న మా తోడికోడలి సీమంతంలో నన్ను గాజులు తొడగనివ్వలేదు. మావారికి ఏ జబ్బూ లేదు. రోజూ జిమ్‌కు వెళతారు. కండ పట్టడానికి ఏడాదిన్నరగా అక్కడ వారానికొక ఇంజెక్షన్ కూడా వేయించుకుంటున్నారు. లోపం నాలోనే ఉందా? ఐవీఎఫ్ తప్పదా?
– ఒక సోదరి, ప్రొద్దుటూరు

సమాధానం:

అమ్మా, మీ రిపోర్టుల అంకెలన్నీ శ్రద్ధగా రాశారు. వాటి గురించి తప్పకుండా మాట్లాడతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ అంకెలు కావు. మీవారు ఎంత ఆరోగ్యంగా ఉన్నారో చెప్పడానికి మీరు చివర్లో రాసిన ఆ వారం వారం ఇంజెక్షన్. నాలుగేళ్లుగా మీ ఇంట్లో వెతుకుతున్న కారణాల్లో ఒకటి, కనీసం ఈ ఏడాదిన్నరకు బహుశా పెద్దది, అక్కడే ఉండవచ్చు.

జిమ్ముల్లో కండ కోసం ఇచ్చే ఇంజెక్షన్లలో సాధారణంగా ఉండేది టెస్టోస్టెరాన్, లేదా నాండ్రోలోన్ వంటి దాని వర్గానికే చెందిన మందు. టెస్టోస్టెరాన్ మగ హార్మోన్ కాబట్టి ఎంత ఎక్కువైతే మగతనం అంత పెరుగుతుందని, పిల్లలు తొందరగా పుడతారని చాలామంది అనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఇది అర్థం కావాలంటే మన శరీరంలో సంతానానికి సంబంధించిన హార్మోన్లు ఎలా పనిచేస్తాయో కొంచెం తెలియాలి.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. అది గంటకో, గంటన్నరకో ఒకసారి జీఎన్ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదులుతుంది. దాని కిందనే ఉన్న పీయూష గ్రంథి ఆ సంకేతం అందుకుని ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఇక్కడివరకు ఆడవారికీ మగవారికీ తేడా లేదు. అవే హార్మోన్లు స్త్రీలో అండాన్ని పెంచి విడుదల చేయిస్తాయి, పురుషుడిలో వృషణాల చేత టెస్టోస్టెరాన్‌నూ వీర్యకణాలనూ తయారు చేయిస్తాయి. కింద పని సరిగా జరుగుతోందా లేదా అని మెదడు రక్తంలోని హార్మోన్ల మోతాదును బట్టి గమనిస్తూ ఉంటుంది. చాలినంత ఉంటే సంకేతం తగ్గిస్తుంది, తక్కువైతే పెంచుతుంది.

కేసీ కాలువ కింద సాగు చేసే ఏ రైతును అడిగినా ఈ సంగతి చెబుతాడు: కింద చెరువు నిండిందని కబురందితే పైన తూము దించేస్తారు. ఆ చెరువును ట్యాంకర్లతో నింపారని పైనున్న మనిషికి తెలియదు. తూము దిగాక కాలువ వెంట ఉన్న పొలాలన్నీ ఎండిపోతాయి. బయటి నుంచి ఇంజెక్షన్‌తో టెస్టోస్టెరాన్ ఎక్కించినప్పుడు జరిగేది అదే. రక్తంలో కావలసినంత ఉందని మెదడు ఎల్‌హెచ్‌నూ ఎఫ్ఎస్‌హెచ్‌నూ ఆపేస్తుంది. వీర్యకణాలు తయారు కావాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండాలి. అది అక్కడికక్కడ తయారైతేనే సాధ్యం, సూదితో వచ్చేది ఆ లోటు తీర్చలేదు. అందుకే మనిషి చూడటానికి దిట్టంగా ఉంటాడు, కోరికా బాగానే ఉంటుంది, వీర్యం కూడా మామూలుగానే కనిపిస్తుంది. అందులో కణాలు మాత్రం ఉండకపోవచ్చు. కంటికి తెలిసే విషయం కాదిది, సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. టెస్టోస్టెరాన్‌ను మగవారి గర్భనిరోధకంగా వాడవచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వయంగా పరీక్షించింది. వారానికి 200 మిల్లీగ్రాముల చొప్పున ఇంజెక్షన్లు ఇస్తే సగం మందికి పైగా పురుషుల్లో ఆరు నెలల్లోపే వీర్యకణాలు సున్నాకు పడిపోయాయి. ఆ ఫలితాలు 1990లో ప్రచురించారు. మీవారు వారానికొకటి వేయించుకుంటున్నారని రాశారు. పిల్లల కోసం మీరు గుడులూ ఆసుపత్రులూ తిరుగుతుంటే, తనకు తెలియకుండానే ఆయన గర్భనిరోధక మందు వాడుతున్నట్టే.

ఆయన ఏ మందు వేయించుకుంటున్నారో నేను చూడలేదు. అది ప్రొటీనో, విటమినో కూడా కావచ్చు. అందుకే మొదట ఆ సీసానో, దాని అట్టపెట్టెనో ఇంటికి తెమ్మనండి. దాని మీద పేరు లేకపోతే, ఉన్న పేరు ఏ డాక్టరుకూ అర్థం కాకపోతే, అది ఇంకా పెద్ద ప్రమాదం. జిమ్ముల్లో చేతులు మారే సీసాల్లో ఏముందో ఎవరూ పూచీ పడరు. ఒకే సీసా, ఒకే సూది ఇద్దరు ముగ్గురికి వాడితే హెపటైటిస్ బి, సి కూడా అంటుకుంటాయి.

అది టెస్టోస్టెరానే అని తేలితే వెంటనే ఆపాలి. అయితే డాక్టరు పర్యవేక్షణలో ఆపాలి. చాలా కాలం వాడినవారు ఉన్నట్టుండి మానేస్తే సొంత హార్మోన్ తయారీ తిరిగి మొదలయ్యేదాకా కొన్ని వారాలు, నెలలు నీరసం, చిరాకు, దిగులు, కోరిక తగ్గడం ఉంటాయి. అది ముందే తెలియక చాలామంది మళ్లీ ఇంజెక్షన్‌కే పోతారు. హార్మోన్ల వైద్యుడిని, అంటే ఎండోక్రైనాలజిస్టును కలవండి. మీకు దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్, టెస్టోస్టెరాన్ రక్తపరీక్షలు, వీర్యపరీక్ష చేస్తారు. ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ రెండూ అడుగంటి ఉంటే విషయం తేలిపోయినట్టే.

ఇందులో మంచి మాట ఏమిటంటే, మానేసినవారిలో ఎక్కువమందికి వీర్యకణాలు తిరిగి వస్తాయి. ఒక వీర్యకణం తయారు కావడానికే సుమారు 74 రోజులు పడుతుంది, అది బయటికి వచ్చే దారిలో మరికొన్ని రోజులు. కాబట్టి మూడు నెలల కంటే ముందు మార్పు ఆశించకూడదు. ఆరు నెలల్లో చాలామంది కోలుకుంటారు, కొందరికి ఏడాది, రెండేళ్లు కూడా పడుతుంది. పెద్ద మోతాదుల్లో రకరకాల మందులు కలిపి వాడినవారిలో కొందరికి పూర్తిగా కోలుకోవడం కష్టమవుతుంది. అవసరమైతే వృషణాలను తిరిగి పనిలో పెట్టే మందులూ ఉన్నాయి. అవి కూడా జిమ్ములో స్నేహితులు చెప్పినట్టు సొంతంగా వాడేవి కావు. ఇంకో హెచ్చరిక: వీర్యకణాలు తక్కువని రిపోర్టు రాగానే కొన్నిచోట్ల ‘బలానికి’ టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఇస్తారు. పిల్లలు కావాలనుకునే మగవారికి అది ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు.

వీర్యపరీక్ష చాలా తేలికైన పరీక్ష, మీరు చేయించుకున్నవాటిలో దేనికంటేనూ తక్కువ బాధ. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి ఇవ్వాలి. ల్యాబ్‌లోనే ఇస్తే మేలు. ఇంటి దగ్గర పట్టి తీసుకెళితే గంటలోపు అందాలి. డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి తీసుకెళ్లాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. సబ్బు, నూనె, కండోమ్ వాడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతం కదలిక ఉన్నవి కనీస హద్దులు. తేడా వస్తే ఒక్క రిపోర్టుతో తీర్మానించకుండా కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించాలి.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. మీ హార్మోన్లలో తేడా లేదని చెప్పను. ఉంది, కానీ అది సరిదిద్దుకోదగ్గ తేడా.

మందుల షాపు మాత్రలతో నెలసరి వస్తోందని మీరు ఊరట పడుతున్నారు. ఆ మాత్రల్లో ఉండేది ప్రొజెస్టెరాన్ వంటి హార్మోన్. నాలుగైదు రోజులు వేసుకుని ఆపితే గర్భాశయం లోపలి పొర రాలి రక్తస్రావం అవుతుంది. అంతమాత్రాన ఆ నెల అండం విడుదలైనట్టు కాదు. మీ అండాశయం ఏమీ చేయకపోయినా ఆ మాత్రతో నెలసరి వస్తుంది. ఒంటిమిట్ట కల్యాణానికో, తిరుమల ప్రయాణానికో మన ఆడవాళ్లు నెలసరి వాయిదాకు తెచ్చుకునే మాత్రల్లోనూ ఈ కోవ హార్మోనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి, డాక్టరును అడిగి వేసుకుంటే పెద్ద నష్టం లేదు. మీలాగా నెలసరి క్రమం తప్పినవారు తమకు తామే తెచ్చుకుని వేసుకుంటే అసలు క్రమం ఏమిటో ఎవరికీ అంతుపట్టదు. పైగా రాని నెలలో అది గర్భమేమోనని చూసుకోకుండా మాత్ర మింగడం అసలు మంచిది కాదు. ఐదు నిమిషాల మూత్రపరీక్ష ముందు చేసుకోండి. ఇంకో వైపు, మూడు నెలలు దాటినా నెలసరి రాకుండా వదిలేయడమూ తప్పే. లోపలి పొర దళసరెక్కుతూ పోతే ఏళ్ల తర్వాత క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి ఆ మాత్రలు అవసరమే, కానీ డాక్టరు చేతి మీదుగా.

నీటిబుడగలు అనే మాట మన స్కానింగ్ గదుల్లో ఎంతమంది అమ్మాయిలను ఏడిపించిందో చెప్పలేను. అవి గడ్డలు కావు. పెరగడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయిన అండాల చిన్న సంచులు. అండాశయంలో ఇన్సులిన్, ఎల్‌హెచ్ ప్రభావం ఎక్కువై మగ హార్మోన్ల మోతాదు పెరిగితే ఏ అండమూ చివరిదాకా ఎదగదు. దీన్నే పీసీఓఎస్ అంటారు. ఏఎంహెచ్ అనేది ఆ చిన్న సంచుల నుంచే వచ్చే హార్మోన్, మీకది 9 ఉండటానికి కారణమూ అవి ఎక్కువగా ఉండటమే. మీ దగ్గర అండాల నిల్వకు కొదవ లేదు, నెలనెలా ఒకటి ఎదిగి విడుదల కావడంలోనే ఇబ్బంది.

కానీ పీసీఓఎస్ అని ఖాయం చేసుకునే ముందు అదే లక్షణాలు చూపే మిగతా రెండింటిని తేల్చాలి. ఒకటి థైరాయిడ్. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ను పని చేయమని పీయూష గ్రంథి పంపే హార్మోన్, థైరాయిడ్ మందగిస్తే అది పెరుగుతుంది. మీ 6.2 కొంచెం ఎక్కువ. థైరాయిడ్ మందగిస్తే అండం విడుదల దెబ్బతింటుంది, ప్రొలాక్టిన్ కూడా కొంత పెరుగుతుంది. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారిలో ఈ స్థాయికి చిన్న మోతాదు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర మొదలుపెట్టి టీఎస్‌హెచ్‌ను 2.5 కిందికి తెస్తారు. దాన్ని పరగడుపున, కాఫీ టీలకు అరగంటైనా ముందు వేసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదలకు మీ థైరాక్సినే ఆధారం, మోతాదు పెంచవలసి వస్తుంది.

రెండోది ప్రొలాక్టిన్, పాలిచ్చే తల్లుల్లో ఎక్కువగా ఉండే హార్మోన్. అది పెరిగితే జీఎన్ఆర్‌హెచ్ సంకేతం తగ్గుతుంది. మీ 38 కొద్దిపాటి పెరుగుదలే. ఇక్కడ మీ గ్యాస్ మాత్రను ఒకసారి తీసి చూడండి. అట్ట వెనక డోమ్‌పెరిడోన్ అనే పేరు ఉందా? మనవాళ్లు రోజూ పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రల్లో చాలావాటిలో ఇది కలిసి ఉంటుంది, ఇది ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. ఉంటే, డాక్టరుకు చెప్పి అది లేని మాత్రకు మారి, కొన్ని రోజులు ఆగి, పొద్దున పరగడుపున, కాసేపు కూర్చుని స్థిమితపడ్డాక మళ్లీ రక్తం ఇవ్వండి. సూది చూసి కంగారు పడినా ఈ అంకె పెరుగుతుంది. అప్పటికీ ఎక్కువగానే ఉంటే, లేదా తలనొప్పి, చూపు మసకబారడం, చనుమొనల నుంచి పాలు రావడం ఉంటే, తల స్కానింగ్ గురించి డాక్టరు ఆలోచిస్తారు.

ఇవి రెండూ సర్దుకున్నాక పీసీఓఎస్‌కు వైద్యం సూటిగానే ఉంటుంది. బరువులో 5 శాతం, మీ లెక్కన నాలుగు కిలోల లోపే, తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. పస్తులుండనక్కర్లేదు. రాత్రిపూట పళ్లెం నిండా అన్నానికి బదులు చిన్న ముద్ద కొర్రన్నమో, ఒక జొన్నరొట్టెనో, దానికి రెండింతలు కూర, పప్పు లేదా ఉలవలు తినండి. సాయంత్రం గట్టిగా ముప్పావుగంట నడవండి. రాగి సంగటి కూడా మంచిదే, కానీ ముద్ద పెద్దదైతే అదీ పిండిపదార్థమే.

ఆ తర్వాత అండం ఎదగడానికి లెట్రోజోల్ అనే మాత్ర ఇస్తారు. నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి ఐదు రోజులు వేసుకుని, స్కానింగ్‌లో అండం ఎదుగుదల చూస్తారు. ఫోనులో దాని పేరు కొట్టి చూస్తే రొమ్ము క్యాన్సర్ మందు అని వస్తుంది, భయపడి మానేయకండి. మన దేశంలో సంతాన వైద్యానికి దీన్ని 2011లో నిషేధించి, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. 2014లో అమెరికాలో 750 మంది పీసీఓఎస్ స్త్రీల మీద జరిగిన పరిశోధనలో, అంతకుముందు వాడే క్లోమిఫిన్ తీసుకున్నవారిలో 19 శాతం మందికి బిడ్డ పుడితే, లెట్రోజోల్ తీసుకున్నవారిలో 27 శాతానికి పైగా పుట్టారు. ఈ రోజు పీసీఓఎస్‌లో మొదట ఇచ్చే మందు ఇదే.

ఇంకొక చిన్న సంగతి. గర్భం కోసం పదమూడో రోజు, పద్నాలుగో రోజు కలవాలని పెద్దవాళ్లు చెప్పే లెక్క 28 రోజుల నెలసరికి సంబంధించింది. అండం విడుదలైన సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది కాబట్టి, 45 రోజులకు నెలసరి వచ్చేవారిలో అండం విడుదలైతే అది 30వ రోజు ప్రాంతంలో ఉంటుంది. లెక్కలు పెట్టుకుని బెంగపడే బదులు రెండు మూడు రోజులకోసారి కలుస్తూ ఉంటే సరిపోతుంది.

ఐవీఎఫ్ ఇప్పుడే అవసరమని నాకు అనిపించడం లేదు. భర్త వీర్యపరీక్ష చూడకుండా, థైరాయిడ్ సరిచేయకుండా, లెట్రోజోల్ ఒక్క నెలైనా వాడకుండా 27 ఏళ్ల అమ్మాయికి నేరుగా ఐవీఎఫ్ చెప్పడం నాకు బాధగా ఉంది. ఐవీఎఫ్‌కైనా ఆయన కణాలు కావలసిందే కదా! మీకింకా వయసుంది. ఆయన కోలుకునే ఆరు నెలల్లో మీ థైరాయిడ్, బరువు, నెలసరి సర్దుకుంటాయి, ఆ సమయం వృథా పోదు. అన్నట్టు, ఫాలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర ఈ రోజు నుంచే వేసుకోండి. లెట్రోజోల్ నెలల తరబడి వాడే ముందు గర్భనాళాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే ఎక్స్‌రే కూడా మీ డాక్టరు అడగవచ్చు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం చోట్ల మగవారి వైపు కారణం కూడా ఉంటుందని, కాబట్టి పరీక్ష ఇద్దరికీ మొదటి రోజే చేస్తారని డాక్టరు చేత ఆమెకు చెప్పించండి. కడప రిమ్స్‌కైనా, మీ ఊరి ఆసుపత్రికైనా ఈసారి దంపతులిద్దరూ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి. సీమంతంలో మీచేత గాజులు తొడిగించకపోవడం మాత్రం నాకు కోపం తెప్పించింది. మీ టీఎస్‌హెచ్‌కూ ఆ అమ్మాయి చేతి గాజులకూ ఏమిటమ్మా సంబంధం?

ఇక ఈ నాలుగు మాటలు మీవారికి. ఈ పేజీ ఆయన చేతికివ్వండి.

బాబూ, మీ భార్య నాలుగేళ్లుగా సూదులు, స్కానింగులు, మాటలు అన్నీ తానే పడింది. మీరు వేయించుకునే ఇంజెక్షన్‌లో ఏముందో మీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. కండ కావాలంటే బరువులెత్తండి, గుడ్లు, పప్పు, పాలు తీసుకోండి, దానికి సూది అక్కర్లేదు. ఆ మందు వీర్యకణాలతో ఆగదు. రక్తం చిక్కబడుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, గుండె కండరం దెబ్బతింటుంది. రొమ్ములు పెరగడం, వృషణాలు చిన్నబోవడం గమనించి సిగ్గుపడి చెప్పకుండా ఉంటే, అవి డాక్టరుకు తప్పక చెప్పాల్సిన గుర్తులు. గుట్కా, సిగరెట్ ఉంటే వాటినీ ఆపండి. ఈ వారమే వీర్యపరీక్ష చేయించండి. అంకె ఎంత వచ్చినా దాచకండి. సున్నా వచ్చినా సరే, ఆ రిపోర్టు, ఇంజెక్షన్ సీసా, ఆమె ఫైలు మూడూ ఒకే సంచిలో పెట్టుకుని ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి.